అరవై దాటాక ఒళ్ళు, బరువు, అద్దం: తరచుగా అడిగే ప్రశ్నలు

పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి వ్యాయామం చేయించడం నా వృత్తి. మొదటి రోజు మోకాళ్ళ గురించి, నడుము గురించి చెబుతారు. నాలుగైదు రోజులు పోయాక, గదిలో మరెవరూ లేనప్పుడు, అసలు ప్రశ్నలు బయటికొస్తాయి. "ఇంత లావైపోయాను, ఇంకేం తగ్గుతానమ్మా?" అని ఒకరు. "చేతులు చూడు, పుల్లల్లా అయిపోయాయి" అని మరొకరు. అలా నన్ను పదే పదే అడిగినవే ఇక్కడ రాశాను. చదివేవాళ్ళు పెద్దవాళ్ళైనా సరే, వాళ్ళ పిల్లలైనా సరే.

ఈ వయసులో కూడా ఒంటి గురించి బాధపడతారా?

పడతారు. "నాకిప్పుడు అందాలెందుకులే" అని ఒక్క మాటతో పక్కకు నెట్టేస్తారు గానీ, పెళ్ళి ఫోటోలు వస్తే ముందు వెతుక్కునేది తమ బొమ్మనే.

అమెరికాలో 50 ఏళ్ళు దాటిన 1,849 మంది మహిళలను ప్రశ్నించి 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. తమ బరువు, ఆకారం తమ జీవితాన్ని దెబ్బతీశాయని అందులో 62 శాతం మంది చెప్పారు. ఆ మరుసటి ఏడాది వచ్చిన మరో పత్రంలో, ఇప్పుడున్న ఒంటి సైజుతో తృప్తిగా ఉన్నామన్నవాళ్ళు 12 శాతం మాత్రమే, అంటే ఎనిమిది మందిలో ఒకరు. ఇవి అమెరికా లెక్కలు. గుంటూరుకో వరంగల్‌కో ఇవే అంకెలు అతికించకూడదు. అయినా వయసు మీద పడితే ఈ బాధ దానంతటదే పోతుందన్న నమ్మకం తప్పని మాత్రం చెబుతున్నాయి.

మన దగ్గర దీనికి రెండు ముఖాలున్నాయి. మా అమ్మమ్మ తరంలో "కాస్త ఒళ్ళు చేశావు" అనడం మెచ్చుకోలు. ఇంట్లో తిండికి లోటు లేదని, అత్తవారు బాగా చూసుకుంటున్నారని దాని అర్థం. "చిక్కిపోయావు" అంటే జబ్బో, దిగులో, లేమో. ఆ మాటలు వింటూ పెరిగినవాళ్ళు ఇప్పుడు డెబ్బైల్లో ఉన్నారు. వాళ్ళకు డాక్టరు గది లోపల "బరువు తగ్గాలి" అంటున్నారు, గది బయట చుట్టాలు "అయ్యో, ఎంత తగ్గిపోయావు" అంటున్నారు. ఏది నమ్మాలో తెలియక నన్ను అడుగుతారు.

వయసు పెరిగేకొద్దీ తృప్తి పెరుగుతుందా, తగ్గుతుందా?

దీనికి నాకు బాగా నచ్చిన జవాబు ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. మారికా టిగ్గమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరి 20 నుంచి 84 ఏళ్ళ మధ్య మహిళలను పరిశీలించి 2001లో ఫలితాలు రాశారు. ఒంటి మీద అసంతృప్తి ఇరవైల్లో ఎంత ఉందో పెద్ద వయసులోనూ దాదాపు అంతే ఉంది. కానీ ఎవరైనా చూస్తున్నారేమోనని తమను తాము గమనించుకుంటూ ఉండటం, కనిపించే తీరు గురించి కంగారు, ఈ రెండూ వయసుతో తగ్గుతూ వచ్చాయి.

అంటే ఇష్టంలేనితనం పోలేదు, దాని పట్టు సడలింది. నా అనుభవమూ ఇదే. డెబ్బై ఏళ్ళావిడ "నా పొట్ట నాకు నచ్చదు" అంటుంది, అంటూనే లేచి కాఫీ కలపడానికి వెళ్ళిపోతుంది. ఇరవై ఏళ్ళ మనవరాలు అదే మాట అని రోజంతా గదిలోంచి బయటికి రాదు.

ఆ పట్టు సడలనివాళ్ళూ ఉంటారు. నా ఆందోళన వాళ్ళ గురించే. ఒళ్ళు చూసుకుని సిగ్గుపడే మనిషి నడకకు వెళ్ళదు, శుభకార్యాలకు వెళ్ళదు, డాక్టరు దగ్గర కాటా ఎక్కమంటారని పరీక్షలకూ వెళ్ళదు. అసంతృప్తి ఉంటే ఒళ్ళు తగ్గించుకుంటారులే అని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. నేను చూసినంతవరకు చాలాసార్లు దానికి తలకిందులుగానే జరుగుతుంది.

మగవాళ్ళకు ఈ బాధ ఉండదు కదా?

ఉంటుంది, వేరే పేరుతో. ఆడవాళ్ళు ఆకారం గురించి మాట్లాడితే మగవాళ్ళు సత్తువ గురించి మాట్లాడతారు. "బియ్యం బస్తా భుజాన వేసుకుని మేడెక్కిన మనిషినండీ, ఇప్పుడు గ్యాస్ బండ జరపలేకపోతున్నా" అని ఒక పెద్దాయన నాతో అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చొక్కా కాలరు మెడ చుట్టూ వదులై నిలబడటం, వాచీ మోచేతి వైపు జారిపోవడం, బెల్టుకు కొత్త చిల్లు పొడిపించుకోవాల్సి రావడం, ఇవన్నీ వాళ్ళు గమనిస్తారు. పైకి అనరు. అనరు కాబట్టి ఎవరూ అడగరు.

ఒంటి మీద తృప్తిని ఎలా కొలుస్తారు?

బాగా వాడుకలో ఉన్నది బొమ్మల పద్ధతి. బాగా సన్నటి మనిషి నుంచి బాగా లావు మనిషి దాకా వరుసగా తొమ్మిది బొమ్మలుంటాయి. 1983లో అమెరికా మనోవైద్యుడు స్టంకార్డ్, మరి కొందరు కలిసి తయారుచేశారు. "ఇప్పుడు మీరు ఏ బొమ్మలా ఉన్నారు? ఎలా ఉండాలనుకుంటున్నారు?" అని అడుగుతారు. రెండింటికీ మధ్య ఎడమే అసంతృప్తి. పెద్దవాళ్ళ విషయంలో ఇందులో ఒక లోటుంది: గూని, సన్నబడ్డ పిక్కలు, వదులైన చర్మం ఆ బొమ్మల్లో ఉండవు. చాలామందికి అసలు బాధ అక్కడే.

నా బరువు ముప్పై ఏళ్ళుగా మారలేదు. అయినా నా బీఎంఐ పెరిగిందంటున్నారు. ఎలా?

మీ ఎత్తు తగ్గింది కాబట్టి. ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలామందికి సగం దిగులు తీరుతుంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చేది బీఎంఐ. ఈ లెక్క కట్టినవాడు 19వ శతాబ్దపు బెల్జియం గణిత శాస్త్రవేత్త కెటెలె. జనాభాలో సగటు మనిషి కొలతలు ఎలా ఉంటాయో చూడటానికి ఆయన ఇది చేశాడు. బీఎంఐ అనే పేరు 1972లో అమెరికా శాస్త్రవేత్త యాన్సెల్ కీస్ పెట్టాడు. అంతేగానీ డెబ్బై ఐదేళ్ళ మనిషి ఒంట్లో కొవ్వెంత, కండ ఎంత అని చెప్పడానికి పుట్టిన లెక్క కాదిది.

వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ళలు ఎండి కుంచించుకుపోవడం, ఎముకలు గుల్లబారడం, వెన్ను ముందుకు వంగడం, ఇవన్నీ కలిసి ఎత్తును తగ్గిస్తాయి. అమెరికాలోని బాల్టిమోర్‌లో ఏళ్ళ తరబడి అవే మనుషులను కొలుస్తూ వచ్చిన అధ్యయనంలో, 30 నుంచి 70 ఏళ్ళ మధ్య మగవాళ్ళు సగటున 3 సెంటీమీటర్లు, ఆడవాళ్ళు 5 సెంటీమీటర్లు తగ్గారు. 80 వచ్చేసరికి ఆ తగ్గుదల 5, 8 సెంటీమీటర్లయింది.

ఇప్పుడు లెక్క వేయండి. ముప్పైలో 155 సెంటీమీటర్ల ఎత్తు, 58 కిలోల బరువున్న ఆవిడ బీఎంఐ 24.1. డెబ్బైలో అదే 58 కిలోలు, ఎత్తు మాత్రం 150. బీఎంఐ 25.8. మన దేశంలో డాక్టర్లు సాధారణంగా 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అంటారు. అంటే ఆవిడ ఒక్క గ్రాము కూడా పెరగకుండానే ఊబకాయం గడిలోకి వెళ్ళిపోయింది! ఆ రిపోర్టు పట్టుకుని ఇంటికొచ్చి రాత్రి అన్నం మానేస్తుంది.

ఇంకోటి కూడా ఉంది. ఆ 58 కిలోల్లో ముప్పైలో ఉన్నంత కండ ఇప్పుడుండదు. కండ తగ్గిన చోట కొవ్వు చేరితే కాటాకు తేడా తెలియదు.

అయితే 65 దాటినవాళ్ళు ఎంత బరువుండాలి?

ఒక్క అంకె చెప్పమని అందరూ అడుగుతారు. నేను చెప్పను, ఎందుకో వినండి.

65 ఏళ్ళు పైబడిన సుమారు 1,98,000 మంది వివరాలున్న 32 అధ్యయనాలను కలిపి 2014లో ఒక విశ్లేషణ వెలువడింది. మరణాల ముప్పు అతి తక్కువగా కనిపించింది బీఎంఐ 27, 28 దగ్గర. 23 కంటే తగ్గేకొద్దీ ముప్పు పెరిగింది, 33 దాటాక మళ్ళీ పెరిగింది. నడివయసు వాళ్ళకు చెప్పే సూత్రాలతో పోలిస్తే ఇది బాగా పక్కకు జరిగిన గీత. జబ్బు చేసి, పడిపోయి ఆసుపత్రిలో చేరినప్పుడు ఒంట్లో కాస్త నిల్వ ఉన్నవాళ్ళు తట్టుకుంటారన్నది దీనికి చెప్పే కారణాల్లో ఒకటి. పైకి తెలియని జబ్బుతో ముందే చిక్కినవాళ్ళు సన్నవాళ్ళ లెక్కలో కలిసిపోయి ఉంటారన్నది ఇంకొకటి.

అయితే ఆ అధ్యయనాల్లో ఎక్కువ భాగం పాశ్చాత్య దేశాలవి. మనకు తక్కువ బరువులోనే షుగరు, గుండె జబ్బులు వస్తాయి. అందుకే 27 మనకు కూడా మంచిదేనని తేలిగ్గా అనలేం. నా అభిప్రాయం ఇది: డెబ్బై దాటిన మనిషి బీఎంఐ 23కు, 26కు మధ్య ఉండి, షుగరూ బీపీ అదుపులో ఉండి, ఎవరి ఆసరా లేకుండా కుర్చీలోంచి లేచి నడుస్తుంటే, ఆ అంకెను తగ్గించడానికి వెంటపడక్కర్లేదు. 150 సెంటీమీటర్ల ఎత్తుకు అది సుమారు 52 నుంచి 58 కిలోలు. మోకాళ్ళ నొప్పో, గుండె జబ్బో, నిద్రలో ఊపిరి ఆగే సమస్యో ఉంటే సంగతి వేరు, అది మీ డాక్టరుతో తేల్చుకోవాలి.

మన దేశంలో మరో వైపు కూడా మర్చిపోకూడదు. 2017-18లో జరిగిన జాతీయ వృద్ధాప్య సర్వే ప్రకారం 60 దాటినవాళ్ళలో నాలుగోవంతు పైగా ఉండాల్సినదానికంటే తక్కువ బరువున్నారు. అధిక బరువు, ఊబకాయం ఉన్నవాళ్ళు కలిపి ఐదోవంతు పైచిలుకు. పత్రికల్లో ఆరోగ్య పేజీలన్నీ లావు గురించే రాస్తాయి. పల్లెలో ఒంటరిగా ఉంటూ, రాత్రికి మజ్జిగన్నంతో సరిపెట్టుకునే ముసలమ్మ ఆ పేజీల్లో ఎక్కడా కనపడదు.

కాళ్ళూ చేతులూ సన్నం, పొట్ట మాత్రం ముందుకు. ఇది లావా, సన్నమా?

రెండూ. మనవాళ్ళలో ఇది చాలా మామూలు.

పుణె డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టరు జాన్ యుడ్కిన్ తమ ఇద్దరి ఫోటోనే 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు. ఇద్దరి బీఎంఐ 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. కాటా, కొలబద్ద ఇద్దరినీ ఒకేలా చూపించాయి. భారతీయుల ఒళ్ళు పైకి సన్నగా ఉండి లోపల కొవ్వు దాచుకుంటుందని చెప్పడానికి ఇంతకంటే తేలికైన ఉదాహరణ నాకు దొరకలేదు.

దానికి వయసు తోడైతే కండ కరిగిపోతుంది. దీనికి సార్కోపీనియా అని పేరు, 1980ల చివర్లో అమెరికా శాస్త్రవేత్త ఇర్విన్ రోజెన్‌బర్గ్ పెట్టాడు. కండ తగ్గి పొట్ట పెరిగిన ఒంటికి తిండి తగ్గించడం ఒక్కటే మందు అనుకుంటే మిగిలిన కండ కూడా పోతుంది. నడుము చుట్టుకొలత మగవాళ్ళకు 90, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలని మన దగ్గర చెబుతారు. బీఎంఐ కంటే ఈ టేపు కొలతే నాకు ఎక్కువ ఉపయోగపడింది.

ఏమీ చేయకుండానే సన్నబడ్డాను. అందరూ బాగున్నావంటున్నారు. సంతోషించవచ్చా?

ముందు డాక్టరును కలవండి. సంతోషం తర్వాత.

మా అమ్మ విషయంలో మేం చేసిన తప్పు చెబుతాను. అరవై ఎనిమిదేళ్ళప్పుడు ఆవిడ ఒక ఏడాదిలో 7 కిలోలు తగ్గింది. జాకెట్లు వదులయ్యాయి, చేతి గాజులు వాటంతటవే జారి వంటింట్లో గిన్నెల మధ్య దొరికేవి. మేమందరం మెచ్చుకున్నాం. జీవితమంతా "లావు" అనిపించుకున్న మనిషి, మొదటిసారి అద్దం ముందు నిలబడి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ మురిసిపోయింది. ఆవిడ ఆకలి తగ్గిందనీ, మెట్లెక్కితే గుండె దడదడలాడుతోందనీ మేం పట్టించుకోలేదు. చివరికి రక్తపరీక్షలో థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందని తేలింది. మందులతో నయమైంది. తగ్గిన బరువు తిరిగి వస్తుంటే మాత్రం ఆవిడ ఏడ్చింది. మా మెచ్చుకోళ్ళు లేకపోతే ఆ ఏడుపు ఉండేది కాదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ప్రయత్నం లేకుండా ఆరు నెలల నుంచి ఏడాది లోపు ఒంటి బరువులో 5 శాతం తగ్గితే కారణం వెతకాలి. 60 కిలోల మనిషికి అది 3 కిలోలు. అదుపు తప్పిన షుగరు, టీబీ, క్యాన్సర్, థైరాయిడ్, మనోవ్యాకులత, మతిమరుపు జబ్బు, ఇవన్నీ కారణాలు కావచ్చు. ఒక్కోసారి కారణం మరీ చిన్నది: కట్టుడు పళ్ళు వదులై నమలలేకపోవడం, లేదా భార్య పోయాక ఒక్కడికే వండుకోవడానికి మనసొప్పకపోవడం. షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ కూడా కొందరిలో ఆకలి తగ్గిస్తుంది.

ఒంట్లో కండ ఎంతుందో ఇంట్లో తెలుసుకోవచ్చా?

కచ్చితంగా కాదు గానీ, అనుమానం తీర్చుకునేంత తెలుస్తుంది. చేతులు లేని గట్టి కుర్చీ గోడకానించి కూర్చోండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోండి. పక్కన ఎవరైనా ఉండాలి. ఆసియా నిపుణుల బృందం 2019లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం దీనికి 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే పరీక్ష చేయించుకోవాలి. పిక్క లావుగా ఉన్నచోట టేపు చుడితే మగవాళ్ళకు 34, ఆడవాళ్ళకు 33 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే అది కూడా ఒక సూచనే.

టేపు లేకపోతే జపాన్‌వాళ్ళ చిట్కా ఉంది. రెండు చేతుల బొటనవేళ్ళూ చూపుడువేళ్ళూ కలిపి ఉంగరంలా చేసి పిక్క చుట్టూ పెట్టండి. వేళ్ళు కలవకపోతే మంచిది. కలిసి, లోపల ఇంకా ఖాళీ మిగిలితే కండ తగ్గినట్లు అనుమానించాలి. కాళ్ళ వాపు ఉన్నవాళ్ళకు ఈ పిక్క కొలతలు పనికిరావు.

ఈ వయసులో డైటింగ్ చేయొచ్చా?

డాక్టరు తగ్గాలన్నప్పుడు తగ్గవచ్చు, వ్యాయామం లేకుండా ఉత్త డైటింగ్ మాత్రం వద్దు. ఊబకాయం ఉన్న 65 ఏళ్ళు దాటిన 160 మందితో అమెరికాలో చేసిన ప్రయోగం 2017లో వచ్చింది. తిండి తగ్గించడంతో పాటు కొందరికి నడకలాంటి వ్యాయామం, కొందరికి బరువులు ఎత్తే వ్యాయామం, కొందరికి రెండూ ఇచ్చారు. మూడు గుంపులూ 9 శాతం దాకా బరువు తగ్గాయి. లేవడం, నడవడం లాంటి పనుల్లో ఎక్కువ మెరుగుపడింది రెండూ చేసినవాళ్ళు.

"ఇప్పుడు బరువులెత్తడమేంటి, నవ్విపోతారు" అంటారు. బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో 90 ఏళ్ళ వాళ్ళతో ఎనిమిది వారాలు కాళ్ళకు బరువులతో వ్యాయామం చేయించి 1990లో ఫలితాలు రాశారు. పదిమందితో మొదలైన చిన్న ప్రయోగం. కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. నేను ఇళ్ళల్లో లీటరు నీళ్ళ సీసాలతో మొదలుపెడతాను. ఒక్కో సీసా ఒక కిలో. రెండు నెలల్లో మనిషి నిలబడే తీరు మారుతుంది, అది చూసుకుని వాళ్ళ ముఖం మారుతుంది. బరువు అప్పటికి అర కిలో కూడా తగ్గి ఉండదు.

పొద్దున్నే షుగరు మాత్ర వేసుకుని ఉపవాసం చేయడం ప్రమాదం. వారానికి ఒక రోజు ఒక్కపొద్దు ఉండే అలవాటుంటే ఆ రోజు మందుల సంగతి డాక్టరును అడిగి తెలుసుకోండి.

మరి ఏం తినాలి?

అన్నం మానేయమని చెప్పను. కంచంలో పప్పు పెంచమంటాను. పెద్దవాళ్ళకు కిలో ఒంటి బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలని 2013లో అంతర్జాతీయ నిపుణుల బృందం సూచించింది. 55 కిలోల మనిషికి 55 నుంచి 66 గ్రాములు. కిడ్నీ జబ్బున్నవాళ్ళు డాక్టరును అడగకుండా పెంచకూడదు.

ఇప్పుడు మన రాత్రి భోజనం చూడండి. "రెండు ఇడ్లీలు చాలమ్మా" అంటారు, అందులో మాంసకృత్తులు నాలుగు గ్రాముల దగ్గర. రాగి జావ బలమంటారు, కాల్షియం వరకు నిజం, మాంసకృత్తులు గ్లాసుకు రెండు మూడు గ్రాములే. ఒక గుడ్డులో 6, గ్లాసు పాలలో 8, గట్టి పప్పు గిన్నెడు తింటే 6 నుంచి 7, వంద గ్రాముల చేపలో 20 దాకా ఉంటాయి. పప్పు నీళ్ళు కాదు, పప్పు. నమలలేనివాళ్ళకు పెసరట్టు, మెత్తగా ఉడికించిన గుడ్డు, పెరుగు.

గర్భసంచి తీయించుకున్నప్పటి నుంచి ఒళ్ళొచ్చింది. అందుకేనా?

మన రెండు రాష్ట్రాల్లో ఈ ప్రశ్న ఎక్కువ వినపడటానికి కారణముంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న మహిళల శాతంలో దేశం మొత్తం మీద ఆంధ్రప్రదేశ్ మొదట, తెలంగాణ తర్వాత నిలిచాయి. ముప్పైల్లో, నలభైల్లో ఆపరేషన్ అయినవాళ్ళు ఇప్పుడు అరవైల్లోకి వస్తున్నారు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే నెలసరి ఆగిపోయే దశ ఒక్కసారిగా ముంచుకొస్తుంది. కొవ్వు తొడల నుంచి పొట్టకు మళ్ళుతుంది, ఎముకలు త్వరగా పలచబడతాయి.

అందువల్ల మీ ఒళ్ళు మారడంలో మీ తప్పు లేదు. "ఆపరేషనయ్యాక తిని కూర్చుంది" అనేవాళ్ళకు ఈ సంగతి తెలియదు. మీ పాత ఆపరేషన్ కాగితాల్లో అండాశయాలు ఉంచారో తీశారో చూడండి, ఎముకల సాంద్రత పరీక్ష గురించి అడగండి.

మందుల వల్ల బరువు పెరుగుతుందా?

పెరగవచ్చు. ఇన్సులిన్, కొన్ని షుగరు మాత్రలు, స్టెరాయిడ్లు, మానసిక సమస్యలకు వాడే కొన్ని మందులు. సొంతంగా ఆపేయకండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగి, పాదాలు వాచి, పడుకుంటే ఆయాసం వస్తుంటే అది కొవ్వు కాదు, నీరు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి.

బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు వాడొచ్చా?

2025లో మన దేశంలో కూడా మౌంజారో, వెగోవీ అమ్మకానికి వచ్చాయి. ఆకలిని బాగా తగ్గిస్తాయి. తగ్గే బరువులో కొవ్వుతో పాటు కండ కూడా ఉంటుంది, పెద్ద వయసులో ఆ కండ తిరిగి రావడం కష్టం. డెబ్బై దాటినవాళ్ళు వియ్యపురాలు వాడిందని అడిగి వేయించుకోకూడదు.

ఏ నొప్పి చెప్పినా "ముందు బరువు తగ్గండి" అంటారు. ఏం చేయాలి?

ఆ సలహాలో నిజముంది. ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో ఒక అధ్యయనం కొలిచి చెప్పింది. కానీ తగ్గేదాకా నొప్పితో ఉండమనడం న్యాయం కాదు. "సరేనండీ, ఈలోపు నొప్పికి ఏం చేద్దాం?" అని అడగండి. మర్యాదగా, గట్టిగా. ఆ ప్రశ్న అడిగినవాళ్ళకు వ్యాయామమో, ఫిజియోథెరపీయో, మోకాలి పట్టీయో ఏదో ఒక దారి దొరకడం చూశాను.

అమ్మ "లావైపోతాను" అంటూ తినడం మానేస్తోంది. ముసలితనపు చాదస్తమేనా?

అలా అనుకుని వదిలేయకండి. తిండికి సంబంధించిన మానసిక సమస్యలు ఆడపిల్లలకే వస్తాయని అనుకుంటాం. మొదట చెప్పిన అమెరికా అధ్యయనంలో 50 దాటిన మహిళల్లో సుమారు 8 శాతం మంది తిన్నది బయటికి పోయేలా ఏదో ఒకటి చేస్తున్నట్లు చెప్పారు. విరేచనాల మాత్రలు రోజూ వాడే పెద్దవాళ్ళు మన ఇళ్ళల్లోనూ ఉన్నారు. మలబద్ధకానికేనా, మరి దేనికైనానా అని ఎవరూ అడగరు.

భోజనం దగ్గర పోట్లాడొద్దు. పక్కన కూర్చుని కలిసి తినండి. రెండు వారాలైనా మారకపోతే, లేదా దిగులుగా ఉంటే, నిద్ర పట్టకపోతే మానసిక వైద్యులకు చూపించండి.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్తే బరువు గురించి క్లాసు పీకుతారు. ఎలా?

ఇది పిల్లలకు రాస్తున్నాను. ఆర్నెల్లకు వచ్చిన తల్లిదండ్రులను విమానాశ్రయం నుంచి నేరుగా కాటా ఎక్కించకండి. ఇంటి దగ్గర నాన్నకు పాల ప్యాకెట్, గుడి, పేపరు, స్నేహితుడి అరుగు, ఇలా రోజుకు నాలుగుసార్లు నడక ఉండేది. మీ ఊళ్ళో కారు లేకుండా గడప దాటలేడు. ఆయన బరువు పెరగడానికి ముఖ్య కారణం ఆ గడపే. ఆయనతో పాటు సాయంత్రం అరగంట మీరు నడవండి. ఆయనకు కావాల్సింది వాచీలో అడుగుల లెక్క కంటే ఆ అరగంట మాటలు.

చూసినవాళ్ళంతా "లావయ్యావు, చిక్కావు" అంటారు. ఏం చెప్పాలి?

మనకు పలకరింపే అది. ప్రేమతో అంటారని తెలుసు, అయినా గుచ్చుకుంటుంది. ఎదుటివాళ్ళను మార్చలేం గానీ మాట మళ్ళించవచ్చు. నేను వ్యాయామం చేయించే ఒకావిడ చెప్పే జవాబు నాకిష్టం: "అవునే, ఒళ్ళు దాని పని అది చేసుకుపోతోంది. నిన్న మూడంతస్తులు ఆగకుండా ఎక్కాను తెలుసా?" అక్కడితో సంభాషణ మెట్ల మీదికి వెళ్ళిపోతుంది.

ఇంట్లోవాళ్ళు పలకరించేటప్పుడు ఒంటి కొలత బదులు ఓపిక అడగండి. "నిద్ర పడుతోందా? ఆకలేస్తోందా? మెట్లు ఎక్కగలుగుతున్నావా?" ఈ మూడింటి జవాబుల్లో నాకు కాటా కంటే ఎక్కువ తెలుస్తుంది.

పాత బట్టలు పట్టడం లేదు. దాచుకోవాలా, ఇచ్చేయాలా?

పట్టని జాకెట్టును "తగ్గాక వేసుకుంటా" అని బీరువాలో పెట్టుకుంటే, తలుపు తెరిచిన ప్రతిసారీ అది మిమ్మల్ని దెప్పుతూనే ఉంటుంది. పెళ్ళినాటిది ఒకటి గుర్తుగా ఉంచుకోండి. మిగతావి ఇచ్చేయండి. ఇప్పుడున్న ఒంటికి సరిపోయేలా నాలుగు కొత్తవి కుట్టించుకోండి, చేతులు పైకెత్తితే పట్టేయనివి, ముందు హుక్కులు వేళ్ళకు అందేవి. మగవాళ్ళు కూడా అంతే, భుజం జారిపోయే చొక్కాలో మనిషి ఉన్నదానికంటే నీరసంగా కనిపిస్తాడు.

మీ టైలరు ఒక్కరే అయితే ఆయన కొలతల పుస్తకంలో పదేళ్ళ మీ లెక్కలుంటాయి. ఛాతీ, నడుము, చేతి చుట్టు, పొడవు. ఈసారి వెళ్ళినప్పుడు పాత పేజీలు తీయించి, తేదీలతో సహా ఒక కాగితం మీద రాయించుకుని తెచ్చుకోండి. నడుము పెరుగుతూ చేతి చుట్టు తగ్గుతుంటే డాక్టరుకు చూపించండి. మా అమ్మవి అలా రాయించి తెచ్చాను. ఆ కాగితం ఆవిడ మందుల డబ్బాలో ఉంది.